పరీవాహక డేటాసెట్ కట్టేవాళ్లు ముందు గేజు చుక్క సంగతి చూసుకోండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. బెంగళూరులో ఇద్దరు పరిశోధక విద్యార్థులు దేశంలోని కేంద్ర జల సంఘం గేజు స్టేషన్లకు (నదిలో నీటిమట్టం, ప్రవాహం కొలిచే చోట్లకు) పరీవాహక ప్రాంతాల హద్దులు గీసి, రోజువారీ వాన, ఉష్ణోగ్రత, ప్రవాహం, నేల, భూవినియోగం అన్నీ ఒకచోట చేర్చి డేటాసెట్ విడుదల చేయాలనుకుంటున్నారు. వాన గ్రిడ్లు, నేల పటాలు, ఎత్తుల మోడల్ దించుకున్నారు. హద్దులు గీసే స్క్రిప్టు కూడా నడిచింది. చేతిలో ఆరు నెలలు ఉన్నాయి. ఇక మిగిలిన పనెంత, దాన్ని ఏ వరసలో చేయాలి అని అడుగుతున్నారు.

సరుకులు తెచ్చుకున్నారు, పొయ్యి ఇంకా వెలగలేదు. గ్రిడ్లు ఎవరు దించుకున్నా ఒకేలా ఉంటాయి. మీ డేటాసెట్‌కు విలువ మూడు చోట్ల వస్తుంది. గేజు చుక్క, అంటే పటంలో స్టేషన్ స్థానం, నది మీద సరైన గడిలో పడిందా? వాన రోజు, ప్రవాహం రోజు ఒకటేనా? గేజు దగ్గర కొలిచిన నీరు నిజంగా ఆ పరీవాహకంలో కురిసిందేనా? ఆరు నెలల్లో నాలుగు వీటికే పోతాయి, పోవాలి కూడా.

మొదలుపెట్టే ముందు ఇప్పటికే ఉన్నవి చూడండి. అమెరికాలో 671 పరీవాహకాలతో వచ్చిన ఇలాంటి డేటాసెట్ క్యామెల్స్ తర్వాత చిలీ, బ్రెజిల్, బ్రిటన్, ఆస్ట్రేలియా అదే మూసలో తమవి కట్టుకున్నాయి. మన దగ్గర క్యామెల్స్-ఇండ్ ఉంది: ద్వీపకల్ప నదుల మీద 472 పరీవాహకాలు, 1980 నుంచి 2020 దాకా, అందులో పనికొచ్చే ప్రవాహ రికార్డు ఉన్నవి 228. దాన్నే మళ్లీ కట్టొద్దు. కాలమ్ పేర్లు, ప్రమాణాలు దాని నుంచే తీసుకుని, అందులో లేనిది మీరు కలపండి. ఇంకో మాట: గంగ, బ్రహ్మపుత్ర, సింధు నదుల ప్రవాహ లెక్కలు బయటికి ఇచ్చేవి కావు. 2018 నాటి సమాచార విధానం ప్రకారం అవి వర్గీకృతం. కాబట్టి పేరులో 'దేశవ్యాప్త' అని పెట్టుకున్నా ప్రవాహం ఉన్న భాగం ద్వీపకల్ప నదులకే అని మొదటి పేజీలోనే రాసేయండి. తర్వాత సమీక్షకులు అడగక్కర్లేదు.

గేజు చుక్క

కేంద్ర జల సంఘం పాత వార్షిక పుస్తకాల్లో స్టేషన్ అక్షాంశ రేఖాంశాలు డిగ్రీ, నిమిషం, సెకండ్లలో ఉంటాయి. పోర్టల్ జాబితాల్లో దశాంశాల్లో ఉంటాయి. ఈ రెండింటి మధ్య మనుషులు చేసే పొరపాటు ఒకటే: 16 డిగ్రీల 30 నిమిషాలను 16.30 అని కొట్టేస్తారు. అసలు విలువ 16.50. తేడా 0.2 డిగ్రీ, అంటే నేల మీద 22 కిలోమీటర్లు. దీన్ని పట్టుకోవడం తేలిక. జాబితా మొత్తంలో దశాంశం తర్వాతి రెండంకెలు ఎప్పుడూ 60 దాటకపోతే ఆ కాలమ్ మొత్తం అనుమానించాల్సిందే. సెకండ్లు వదిలేసి నిమిషం దగ్గర ఆపేసినవీ ఉంటాయి. ఒక నిమిషం అంటే 1.85 కిలోమీటర్లు. మీరు వాడే 90 మీటర్ల గ్రిడ్‌లో అది ఇరవై గడులు.

చుక్కను నది మీదికి జరిపే స్క్రిప్టుల్లో ఎక్కువ భాగం 'చుట్టుపక్కల అత్యధిక ప్రవాహ సంచయం ఉన్న గడి' (అంటే ఎగువ నుంచి ఎక్కువ గడుల నీరు చేరే గడి) దగ్గరికి లాగుతాయి. సంగమాల దగ్గర ఇదే కొంప ముంచేది. మూసీ మీద దామరచర్ల గేజు తీసుకోండి. మూసీ అక్కడికి కాస్త దిగువనే వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. వెతికే వ్యాసార్థం కాస్త పెంచితే చుక్క పోయి కృష్ణ మీద కూర్చుంటుంది. మూసీ పరీవాహకం దాదాపు 11 వేల చదరపు కిలోమీటర్లు. అక్కడ కృష్ణది 2 లక్షల 30 వేలు పైనే. ఇరవై రెట్ల తేడా కాబట్టి ఇది కంటికి కనిపిస్తుంది. కనిపించనివే ప్రమాదం: 12 శాతం, 15 శాతం తేడాతో పక్క వాగును కలుపుకునో, వదులుకునో కూర్చున్న చుక్కలు.

పద్ధతి ఇలా పెట్టుకోండి. మెరిట్ హైడ్రో అనే ప్రపంచవ్యాప్త నదీ దిశల డేటాలో ఎగువ విస్తీర్ణం గ్రిడ్ విడిగా ఉంటుంది, చదరపు కిలోమీటర్లలో. గేజు చుట్టూ ముందు 1 కిలోమీటరు, దొరక్కపోతే 5 కిలోమీటర్ల వరకు గడులన్నీ తీసుకోండి. ప్రతి గడికి రెండు లెక్కలు కట్టండి: జల సంఘం ప్రచురించిన పరీవాహక విస్తీర్ణంతో తేడా శాతం ఎంత, అసలు చుక్క నుంచి దూరం ఎంత. రెండూ కలిపి తక్కువ వచ్చిన గడిని ఎంచుకోండి. విస్తీర్ణం ఒక్కటే చూస్తే మోసపోతారు. పొడవాటి నదిలో ఎక్కడో ఒకచోట మీకు కావలసిన విస్తీర్ణం ఉన్న గడి దొరికే తీరుతుంది, అది గేజుకు 40 కిలోమీటర్ల అవతల ఉన్నా సరే. 5 కిలోమీటర్లు దాటి వెళ్లొద్దు.

తేడా 5 శాతం లోపు ఉంటే ముందుకు పోండి. 5 నుంచి 10 మధ్య ఉంటే గుర్తు పెట్టండి. 10 దాటితే మనిషి కూర్చుని ఉపగ్రహ చిత్రం మీద చూడాల్సిందే. గేజు ఉండే చోట సాధారణంగా వంతెనో, మెట్ల వరసో, నీటిమట్టం పలకలో కనిపిస్తాయి. ఒక్కోసారి ప్రచురిత విస్తీర్ణమే తప్పు. అలాంటప్పుడు రెండు అంకెలూ ఉంచి, మీరు దేన్ని నమ్మారో, ఎందుకో ఒక వాక్యం రాయండి. వందల స్టేషన్లలో ఈ చేతిపని పడేవి యాభైకి తగ్గవు అనుకుని మొదలుపెట్టండి.

విస్తీర్ణం కట్టే దగ్గర ఇంకో బోను ఉంది. వెబ్ పటాలు వాడే వెబ్ మెర్కేటర్ ప్రక్షేపంలో ఉన్న బహుభుజికి నేరుగా ఏరియా అడిగితే 13 డిగ్రీల అక్షాంశం దగ్గర 5 శాతం, 16 దగ్గర 8 శాతం, 30 దగ్గర 33 శాతం ఎక్కువ చూపిస్తుంది. బెంగళూరు, చెన్నై చుట్టుపక్కల పరీక్షించుకుని 'ఐదు శాతమే కదా' అని వదిలేసినవాళ్లు మహానదికి వెళ్లేసరికి పరిమితులు దాటిపోయి తల పట్టుకుంటారు. భూమిని జోన్లుగా కోసి చూపే యూటీఎం ప్రక్షేపం కూడా వద్దు, మన దేశం 42 నుంచి 47 దాకా జోన్లలో పరచుకుని ఉంది. సమ విస్తీర్ణ ప్రక్షేపం, ఉదాహరణకు ఈపీఎస్‌జీ 6933, వాడండి. లేదా దీర్ఘవృత్తాభం మీద నేరుగా లెక్కకట్టండి.

పేర్ల గురించి ఒక మాట, ఇది తెలుగువాళ్లకు తొందరగా అర్థమయ్యేది. మన పెన్న ఉత్తర పినాకిని. బెంగళూరు తూర్పు నీళ్లు మోసుకుని తమిళనాడు పోయేది దక్షిణ పినాకిని, అక్కడ దాని పేరు పెన్నయార్, పొన్నయార్. రెండూ నంది కొండల వైపే పుడతాయి. ఇంగ్లిష్ స్పెల్లింగుల్లో ఇవి ఒకదానికొకటి అక్షరం తేడాతో ఉంటాయి. నది పేరుతో పట్టికలు కలిపితే రెండు బేసిన్లు ఒకటైపోతాయి. కలిపేది ఎప్పుడూ స్టేషన్ కోడ్‌తోనే. ఆ కోడ్‌ను అంకెగా కాక అక్షరాలుగా చదివించండి, లేకపోతే ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి.

డెల్టాల్లో గేజులు వదిలేయండి. నీటి దిశను ఎనిమిది వైపుల్లో ఒక్క వైపుకే పంపే పద్ధతి పాయలుగా చీలే చోట పనిచేయదు. గోదావరికి ధవళేశ్వరం కింద, కావేరికి ముక్కొంబు కింద గీసిన హద్దులకు అర్థం లేదు. రాయలసీమ, కోలారు, తెలంగాణ చెరువుల సీమలో వేరే చిక్కు. చెరువు కట్ట, రైలు కట్ట ఎత్తుల మోడల్‌లో గోడలా కనిపిస్తాయి. గుంటలు నింపే పద్ధతి వాడితే నీరు కట్ట మీదుగా పక్క వాగులోకి పొర్లినట్టు గీత వస్తుంది. గుంట నింపకుండా కట్టకు గండి కొట్టి దారి తీసే పద్ధతి ఇక్కడ మేలు. వైట్‌బాక్స్ టూల్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఆ రెండూ ఉన్నాయి. సొంతంగా 30 మీటర్ల మోడల్ నుంచి దిశలు తీయాలన్న మోజు మాత్రం మానుకోండి. నదీరేఖలతో సరిచూసిన 90 మీటర్ల గ్రిడ్ ముందు, సరిచూడని 30 మీటర్లు దిగదుడుపే.

రోజు ఎప్పుడు మొదలవుతుంది

దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. వాతావరణ శాఖ వాన రోజు ఉదయం 8:30కి ముగుస్తుంది. ఆగస్టు 12 అని రాసిన వాన అంటే 11 ఉదయం 8:30 నుంచి 12 ఉదయం 8:30 వరకు పడింది. గేజు దగ్గర రోజు ప్రవాహం సాధారణంగా ఉదయం 8 గంటల కొలత. కాబట్టి ఈ రెండూ తేదీతో కలిపితే బాగానే అతుకుతాయి. తంటా ఎరా5-ల్యాండ్ (యూరప్ వాతావరణ కేంద్రం ఇచ్చే ప్రపంచవ్యాప్త వాతావరణ గ్రిడ్) కలిపినప్పుడు వస్తుంది. దాని రోజు విశ్వ సమయంలో అర్ధరాత్రికి మొదలవుతుంది, అంటే మనకు ఉదయం 5:30. రోజు పేరు కూడా వేరు: మన 12వ తేదీ వానలో ఎక్కువ భాగం వాళ్లకు 11వ తేదీ.

పైగా ఎరా5-ల్యాండ్ వాన గంటగంటకూ విడిగా ఉండదు. విశ్వ సమయం 00 నుంచి పోగవుతూ వస్తుంది, మర్నాడు 00 దగ్గర ఉన్న విలువ ముందు రోజు మొత్తం. కాబట్టి మన 12వ తేదీ వాన కావాలంటే: 12వ తేదీ 00 గంటల విలువలోంచి 11వ తేదీ 03 గంటల విలువ తీసేసి, దానికి 12వ తేదీ 03 గంటల విలువ కలపాలి. మీటర్లలో ఉంటుంది, వెయ్యితో గుణిస్తే మిల్లీమీటర్లు. గంటల విలువలన్నీ కూడేస్తే పది పన్నెండు రెట్ల వాన వస్తుంది. అది వెంటనే తెలిసిపోతుంది. ఒక రోజు జరిగిపోతే మాత్రం తెలియదు, మీ డేటాతో ప్రవాహం అంచనా వేయడం నేర్చే మోడల్ చచ్చీచెడీ ఆ జాప్యాన్నే నేర్చుకుంటుంది. పరీక్ష చేయడానికి వెయ్యి చదరపు కిలోమీటర్ల లోపు పరీవాహకాలు కొన్ని తీసుకుని, వానను −2 నుంచి +3 రోజుల దాకా జరుపుతూ ప్రవాహంతో సహసంబంధం చూడండి. శిఖరం 0 లేదా 1 దగ్గర రావాలి. −1 దగ్గర వస్తే వాన కురవకముందే నది పొంగినట్టు.

వాతావరణ శాఖ 0.25 డిగ్రీ వాన ఫైళ్లు బైనరీవి. అడ్డంగా 135, నిలువుగా 129 గడులు, ఒక్కో విలువకు 4 బైట్లు. అంటే రోజుకు 69,660 బైట్లు. మామూలు సంవత్సరం ఫైలు 2,54,25,900 బైట్లు, లీపు సంవత్సరం 2,54,95,560 బైట్లు ఉండాలి. దించుకున్న వెంటనే సైజు సరిచూడండి, సగంలో ఆగిన ఫైళ్లు అక్కడే పట్టుబడతాయి. గడులు దక్షిణం నుంచి ఉత్తరానికి, 6.5 డిగ్రీల దగ్గర మొదలవుతాయి. పటం తలకిందులుగా వేశారో లేదో చూడటానికి జులై సగటు గీయండి, పడమటి కనుమల గీత కనిపించాలి. ఖాళీ విలువ −999. ఉష్ణోగ్రత గ్రిడ్ 1 డిగ్రీది, 31 × 31, దాని ఖాళీ 99.9. దీన్ని మరిచిపోతే తీరం వెంట మే నెల ఎండలు చరిత్రలో లేనంతగా మండుతాయి.

తీరం అన్నాం కాబట్టి: చెన్నై దగ్గర అడయార్, కూవం లాంటి చిన్న పరీవాహకాల్లో కొంత భాగం సముద్రపు గడిలో పడుతుంది, అది ఖాళీ. బరువు సగటు కట్టేటప్పుడు విలువ ఉన్న గడుల బరువులతోనే భాగించండి. గడి మధ్యబిందువు హద్దులో ఉందా లేదా అని చూసే పద్ధతి వద్దు, గడి ఎంత భాగం లోపల ఉందో ఆ నిష్పత్తి వాడండి. బెంగళూరు అక్షాంశం దగ్గర 0.25 డిగ్రీ గడి అంటే సుమారు 750 చదరపు కిలోమీటర్లు. 300 చదరపు కిలోమీటర్ల పరీవాహకానికి అది ఒకటి రెండు గడుల ముక్క మాత్రమే. మైదానంలో ఫర్వాలేదు. కనుమల్లో మాత్రం ఆగుంబె వైపు ఏడాదికి 7 వేల మిల్లీమీటర్లు దాటి, అటు తూర్పున కొద్ది దూరంలోనే వెయ్యికి దిగిపోయే వానను ఆ గడి ఒకే అంకెగా చూపిస్తుంది. పడమటికి పారే నదుల్లో ప్రవాహం వాన కంటే ఎక్కువ వస్తే గేజును తిట్టకండి, వాన తక్కువగా పట్టింది.

ప్రవాహం శుభ్రం చేయడం

మూడు కాలమ్‌లు పెట్టండి: వచ్చినది వచ్చినట్టు, శుభ్రం చేసినది, గుర్తు. మొదటిదాన్ని ఎప్పటికీ ముట్టుకోవద్దు.

ప్రతి విలువా నీళ్లలో కరెంటు మీటరు దించి కొలిచిందే అనుకోకండి. సెలవు రోజుల్లో, వరద ఉధృతిలో నీటిమట్టం నుంచి రేటింగ్ కర్వ్ (ఏ మట్టానికి ఎంత ప్రవాహమో చూపే గీత) ద్వారా లెక్కగట్టినవి ఉంటాయి. వార్షిక పుస్తకాల్లో అలాంటి వాటి పక్కన గుర్తు ఉంటుంది. పోర్టల్ నుంచి దించిన పట్టికలో ఆ గుర్తు లేకపోతే పుస్తకం నుంచి ఎక్కించుకోండి, శ్రమే కానీ వరద శిఖరాల మీద పని చేసేవాళ్లు మీకు రుణపడి ఉంటారు.

వేసవి ఖాళీలు అన్నిటికన్నా పెద్ద చిక్కు. మన వాగుల్లో మార్చి నుంచి మే దాకా గడి ఖాళీగా ఉంటే మూడు అర్థాలు: నీరు లేదు, కొలవలేదు, ఆ స్టేషన్ వానాకాలంలోనే పనిచేస్తుంది. మొదటిదాన్ని సున్నాగా, మిగతావాటిని ఖాళీగా ఉంచాలి. ఎలా తేల్చాలి? ఖాళీ మొదలయ్యే ముందు రోజుల్లో ప్రవాహం 0.5, 0.2, 0.05 క్యూమెక్కులుగా (సెకండుకు ఘనపు మీటర్లుగా) సన్నబడుతూ ఆగిందా, లేక 14 క్యూమెక్కుల దగ్గర ఉన్నట్టుండి తెగిందా చూడండి. సన్నబడి ఆగితే, అవే నెలల్లో వేరే సంవత్సరాలకు సున్నాలు రాసి ఉంటే, సున్నా అనుకుని గుర్తు పెట్టొచ్చు. తెగితే ఖాళీగానే వదిలేయండి. అన్ని ఖాళీల్నీ సున్నా చేసే ఒక్క లైను కోడ్ మీ డేటాసెట్‌ను నాశనం చేస్తుంది. అన్నిటినీ తీసేసే లైను కూడా అంతే, ఎండిపోయే నదులన్నీ జీవనదుల్లా కనిపిస్తాయి.

క్యూసెక్కు, క్యూమెక్కు కలగలుపు పట్టుకోవడానికి ప్రతి నెల సగటును ఆ నెల దీర్ఘకాల మధ్యగతంతో భాగించండి. నిష్పత్తి 35.3 చుట్టూ గుమిగూడిన నెలలు కనిపిస్తే ఎవరో ప్రమాణం మార్చి ఎక్కించారు. సరిగ్గా 10 రెట్లున్న ఒంటరి రోజు దశాంశ బిందువు జారిన రోజు. ప్రవాహం ఎక్కువగా ఉన్నప్పుడు రెండు దశాంశాల దాకా ఒకే అంకె ఐదారు రోజులు వరసగా ఉంటే అది కొలత కాదు, నకలు. వేసవి సన్న ప్రవాహంలో మాత్రం అది సహజమే, అక్కడ ఈ నియమం వాడొద్దు. ఇవన్నీ స్క్రిప్టు పట్టుకుంటుంది. తర్వాత ప్రతి స్టేషన్‌నూ లాగ్ స్కేల్ మీద గీసి కళ్లతో చూడండి. ఒక్కోదానికి పది నిమిషాలు. 300 స్టేషన్లకు ఇద్దరికీ మూడు వారాల సాయంత్రాలు పడుతుంది, దానికి దగ్గరదారి లేదు.

సంవత్సరం జూన్ 1 నుంచి మే 31. '1990' అని రాస్తే 1990–91 అనా, 1989–90 అనా అని చదివేవాడికి అనుమానం, కాబట్టి రెండు అంకెలూ రాయండి. క్యాలెండర్ సంవత్సరం తమిళనాడుకు మరీ అన్యాయం చేస్తుంది. ఈశాన్య రుతుపవనాల నీరు డిసెంబరులో సగంలో తెగిపోతుంది. ఇక ఏ ఫైలునూ ఎక్సెల్‌లో తెరిచి భద్రపరచకండి, 05-06 తేదీ జూన్ అవుతుందో మే అవుతుందో దాని ఇష్టం.

ఆ నీరు ఎక్కడిది

బెంగళూరులో ఉన్నారు కాబట్టి దీన్ని బస్సులో వెళ్లి చూసి రావచ్చు. నగరం రెండు బేసిన్లను విడదీసే గట్టు మీద ఉంది. బసవనగుడి వైపు నుంచి మొదలయ్యే వృషభావతి అర్కావతిలో, అక్కడి నుంచి కావేరిలో కలుస్తుంది. కోరమంగల-చల్లఘట్ట లోయ నీళ్లు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా, హెబ్బాళ లోయ నీళ్లు వేరే దారిలో దక్షిణ పినాకినికి పోతాయి. కెంగేరి దగ్గర వృషభావతి వంతెన మీద ఏప్రిల్‌లో నిలబడితే కింద నల్లగా, నురగతో నిండుగా పారుతుంటుంది. వాన చినుకు లేదు. అది సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి పైకి ఎత్తిపోసిన కావేరి నీరు, ఇళ్లలో వాడాక బయటికొచ్చింది. నగరానికి కావేరి సరఫరా నాలుగో దశ దాకా రోజుకు 1,450 మిలియన్ లీటర్లు, అంటే 16.8 క్యూమెక్కులు. 2024 అక్టోబరులో ఐదో దశతో ఇంకో 775 మిలియన్ లీటర్లు, సుమారు 9 క్యూమెక్కులు కలిశాయి. ఇందులో ఎక్కువ భాగం మురుగై ఈ వాగుల్లోకే వస్తుంది. దక్షిణ పినాకిని వైపు పోయేదంతా కావేరి బేసిన్ దాటిపోయిన నీరే. వాన, నేల, వాలు మాత్రమే తెలిసిన మోడల్‌కు ఈ ఏప్రిల్ ప్రవాహాన్ని వివరించే దారి లేదు. ఏదో ఒక నేల గుణానికి అంటగట్టి నేర్చేసుకుంటుంది.

ఇదే పెద్ద ఎత్తున అన్నిచోట్లా ఉంది. కర్నూలు-కడప కాలువ పంతొమ్మిదో శతాబ్దం నుంచి తుంగభద్ర నీటిని పెన్నకు తెస్తోంది. కాబట్టి కడప కింద పెన్న గేజులన్నిటా కాస్తో కూస్తో తుంగభద్ర ఉంటుంది. పట్టిసీమ 2015 నుంచి గోదావరి నీటిని ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణలో పోస్తోంది. విజయవాడ రికార్డును ఆ సంవత్సరం దగ్గర రెండుగా విడదీయండి. తెలుగు గంగ నీరు కండలేరు మీదుగా చెన్నైకి పూండి చేరుతుంది, కొసస్థలైయార్ లెక్కల్లో కృష్ణ కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. ప్రతి స్టేషన్‌కూ 'బయటి నీరు వస్తుందా, బయటికి పోతుందా, ఏ సంవత్సరం నుంచి' అనే మూడు కాలమ్‌లు పెట్టండి. పరిమాణం తెలియకపోయినా అవును, కాదు అని ఉంటే చాలు. నా దృష్టిలో ఈ మూడు కాలమ్‌లే మీ డేటాసెట్‌కు అసలైన కొత్తదనం.

గేజుకు ఎగువన ఉన్న జలాశయాల మొత్తం నిల్వను సగటు వార్షిక ప్రవాహంతో భాగించి నియంత్రణ నిష్పత్తి ఇవ్వండి. 1 టీఎంసీ అంటే 28.32 మిలియన్ ఘనపు మీటర్లు. దీన్ని ప్రతి సంవత్సరానికీ విడిగా కట్టాలి, డ్యాము ఉన్నట్టు ఒక్క అంకె సరిపోదు. తుంగభద్ర 1953, నాగార్జునసాగర్ 1967, శ్రీశైలం 1980ల మొదట్లో, ఆల్మట్టి నిండు నిల్వ 2000ల్లో: కృష్ణ దిగువన ప్రతి దశకం ఒక్కో నది. నిల్వ అంకె కూడా స్థిరం కాదు. సాగర్ మొదట 408 టీఎంసీలు, పూడిక సర్వేల తర్వాత 312.

విడుదలకు ముందు ఒక్క లెక్క

ప్రతి స్టేషన్‌కూ సగటు ప్రవాహాన్ని మిల్లీమీటర్లలోకి మార్చండి: క్యూమెక్కులను 31,536తో గుణించి విస్తీర్ణంతో భాగిస్తే ఏడాదికి ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది. ఊహకు ఒక పరీవాహకం అనుకుందాం: 1,500 చదరపు కిలోమీటర్లు, వాన 850 మిల్లీమీటర్లు, సగటు ప్రవాహం 6 క్యూమెక్కులు. ప్రవాహం 126 మిల్లీమీటర్లు, నిష్పత్తి 0.15. మెట్ట ప్రాంతానికి నమ్మదగ్గ అంకె. ఇదే చుక్క పెద్ద నది మీద పడి విస్తీర్ణం 15,000 అయి ఉంటే నిష్పత్తి 0.015, ఎక్కడో తప్పుందని అదే అరుస్తుంది. నిష్పత్తి 1 దాటినా, వాన నుంచి ప్రవాహం తీసేస్తే మిగిలింది సంభావ్య బాష్పోత్సేకం (నీటికి కొరత లేకపోతే నేల, మొక్కల నుంచి ఆవిరయ్యే గరిష్ఠం) కన్నా ఎక్కువైనా ఆ స్టేషన్ మళ్లీ మొదటి మెట్టుకు. చూడాల్సిన వరస: చుక్క, ప్రమాణం, వాన గ్రిడ్, బయటి నీరు. సంభావ్య బాష్పోత్సేకానికి ఎరా5-ల్యాండ్‌లో తయారుగా ఉన్న విలువ వాడకండి, అది మరీ ఎక్కువ చూపిస్తుంది. ఉష్ణోగ్రత, తేమ, గాలి, వికిరణం తీసుకుని పెన్మన్-మాంటీత్ సూత్రంతో మీరే కట్టండి.

నేల, భూమి గుణాలకు పెద్దగా చెప్పేది లేదు. నీరు ఇంకే గుణకానికి లాగ్ తీసి సగటు కట్టాలి. వాలు దిశకు మామూలు సగటు పనికిరాదు, 350, 10 డిగ్రీల సగటు 180 కాదు కదా. సాయిల్‌గ్రిడ్స్ అనే ప్రపంచ నేల పటాల్లో బంకమట్టి కిలోకు గ్రాముల్లో ఉంటుంది, శాతం కావాలంటే పదితో భాగించండి. అంతే.

ఒకదానిలో ఒకటి ఇమిడిన పరీవాహకాల పట్టిక మాత్రం తప్పనిసరి. పోలవరం గేజు 3,07,800 చదరపు కిలోమీటర్లలో పైనున్న గోదావరి గేజులన్నీ ఉన్నాయి. శిక్షణలో పేరూరు, పరీక్షలో పోలవరం పెడితే మోడల్‌కు జవాబు ముందే చెప్పేసినట్టు. ప్రతి స్టేషన్‌కూ ఎగువ స్టేషన్ల కోడ్‌లు, ఏ సమూహంలో ఉందో ఒక కాలమ్ ఇచ్చేయండి. విభజించేవాళ్లు బేసిన్ వారీగా విభజించుకుంటారు.

స్టేషన్ల సంఖ్య కోసం ఆశపడకండి. జూన్ నుంచి నవంబరు దాకా 90 శాతం రోజులు ఉన్న సంవత్సరాలు కనీసం పది లేని స్టేషన్‌ను ప్రవాహం లేని జాబితాలో పెట్టండి, హద్దులు, గుణాలు మాత్రం ఇవ్వండి. గ్రిడ్ ఫైళ్లను మళ్లీ పంచొద్దు, పరీవాహక సగటులే పంచండి, లైసెన్సు షరతులు ముందే చదవండి. వెర్షన్ అంకె, మార్పుల చిట్టా మొదటి రోజు నుంచే ఉండాలి, ఎందుకంటే విడుదలైన నెలలోపు ఎవరో ఒకరు తప్పు చుక్క చూపిస్తారు.

ఇప్పటికి మీ హద్దుల ఫైలులోంచి కృష్ణ, పెన్న, కావేరి స్టేషన్లు ఇరవై తీసుకోండి. కోడ్, ప్రచురిత విస్తీర్ణం, మీ విస్తీర్ణం, చుక్క జరిగిన దూరం, ప్రవాహ-వాన నిష్పత్తి, ఈ ఐదు కాలమ్‌లతో పట్టిక ఇక్కడ పెట్టండి. వ్యాసార్థం మార్చాలా, కట్టలకు గండి కొట్టాలా అన్నది అది చూశాక చెప్పొచ్చు.